మా అమ్మ పుట్టిన కచేరీ

మా అమ్మ బందరు కచేరీలో పుట్టింది. ఈ మాట ఎవరికి చెప్పినా, "పుట్టిందా, పనిచేసిందా?" అని మళ్లీ అడుగుతారు. పుట్టిందే. ఆ ఏడు తుఫాను ముంచుకొస్తుంటే సముద్రం వైపు పల్లెల వాళ్లు బళ్లు కట్టుకుని ఊళ్లోకి వచ్చేశారు. తెల్లదొరల నాటి ఆ ఎత్తరుగుల కలెక్టరాఫీసు భవనంలో తలదాచుకున్నారు. వాళ్లలో నిండు నెలల మా అమ్మమ్మ కూడా ఉంది. మొన్న అమ్మ టీచరుగా రిటైరైతే ఎక్కడికి తీసుకెళ్లమంటావని అడిగాను. ఊటీ అంటుందనుకున్నాను. "నేను పుట్టిన చోటు ఒక్కసారి చూపించవే" అంది. విజయవాడ నుంచి రెండు గంటల ప్రయాణం, ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి పెద్ద బస్టాండులో బందరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి సీటు కోసం కాస్త ముందే వెళ్లడం మంచిది. కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు చేరేసరికి రెండు పక్కలా వరిచేలే. అమ్మ కిటికీ అద్దం తీసి, జుట్టు రేగిపోతున్నా మూయనివ్వలేదు. బందరులో దిగి వంద రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. "పాత కచేరీలో పనేంటండీ? పొలం గొడవా?" అన్నాడు డ్రైవరు. "కాదు బాబూ, అది నా పుట్టిల్లు" అంది అమ్మ. అతను అద్దంలోంచి మా ఇద్దరినీ ఒకసారి చూసి ఆటో ముందుకు పోనిచ్చాడు.

కంపెనీ కాలంలో కలెక్టరంటే మొదట శిస్తు వసూలు చేసే దొర. తర్వాత తగవులు తీర్చే అధికారమూ ఆయన చేతికే వచ్చింది. అందుకే ఆనాటి కచేరీల్లో ఒక పక్క ఖజానా గది, ఇంకో పక్క తీర్పులు చెప్పే హాలు ఉండేవి. బెజవాడ ఎంత పెరిగినా కృష్ణా జిల్లా పెత్తనం బందరుదే. మేం వెళ్లిన భవనంలో ఇప్పుడు చిన్న చిన్న ఆఫీసులు నడుస్తున్నాయి. ఖజానాకు కాపుగా కట్టిన మూరెడు మందం గోడలు మాత్రం అలాగే ఉన్నాయి.

గుమ్మంలో అటెండరు ఆపాడు. "ఏం పనండీ?"

"పనేం లేదు నాయనా. నేనిక్కడ పుట్టాను."

"బర్త్ సర్టిఫికెట్ ఇక్కడివ్వరమ్మా, మున్సిపాలిటీకెళ్లాలి."

ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. హాలుకు తాళం వేసి ఉందని, బయటివాళ్లను పంపకూడదని అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది. ఆ మాటలు విని లోపలి నుంచి సూపరింటెండెంటుగారు వచ్చారు. ఆవిడకు మా అమ్మకంటే పదేళ్లు తక్కువ ఉంటాయేమో. అంతా విని నవ్వేశారు. "ఇక్కడికొచ్చే ప్రతివాళ్లూ ఏదో ఒకటి కావాలనే వస్తారండీ. మీలా ఊరికే వచ్చినవాళ్లను నేను చూడలేదు" అంటూ తాళం తీయించారు.

హాలు నిండా విరిగిన కుర్చీలు. ఆ చివర దొర కూర్చునే వేదిక. దాని పక్కనే చీరలు అడ్డం కట్టి అమ్మమ్మకు పురుడు పోశారట. అమ్మ ఆ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. "మూడోదీ ఆడపిల్లేనని మా నాయనమ్మ నా మొహం చూడలేదంట. మర్నాడు ఇదే హాల్లో ఇంకొకామెకు మగపిల్లాడు పుడితే అందరికీ బెల్లం పంచారంట. మా అమ్మక్కూడా ఓ ముక్క పెట్టారంట. అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేది ఈ మాట. పోయేముందు చెప్పినప్పుడు మాత్రం ఏడ్చింది."

అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇక్కడ మంచి లడ్డూలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని సూపరింటెండెంటుగారిని అడిగింది.

రెండు కిలోల బందరు లడ్డు కొనుక్కుని మళ్లీ కచేరీకి వచ్చాం. సూపరింటెండెంటుగారితో మొదలుపెట్టి, అటెండరుకూ, అన్ని గదుల్లో వాళ్లకూ అమ్మ తనే పంచింది. వరండాలో ఒక ముసలి రైతు అర్జీ పట్టుకుని కూర్చున్నాడు. లడ్డు అందుకుంటూ, "ఏంటమ్మా విశేషం?" అన్నాడు.

"ఆడపిల్ల పుట్టిందండీ" అంది అమ్మ.

"మంచిదమ్మా! ఎవరికి?"

"మా అమ్మకి."

ఆయన అమ్మ నెరిసిన జుట్టు వంక చూశాడు, చేతిలో లడ్డు వంక చూశాడు. "అయితే ఇంకోటి పెట్టండి" అన్నాడు.

ఆ గోడలు కట్టించిన దొరలకు మన శిస్తు డబ్బు భద్రంగా ఉంటే చాలు. వాటి చాటున ఒక తుఫాను రోజున ఇంతమంది బతికి బయటపడతారని, ఒక పిల్ల కళ్లు తెరుస్తుందని వాళ్లు అనుకుని ఉండరు. అలాంటి సంగతులు గుమ్మం దగ్గర ఏ బోర్డు మీదా కనబడవు, మన ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి. తిరుగు బస్సులో అమ్మ మా పెద్దమ్మలిద్దరికీ ఫోన్ చేసి, లడ్డూల సంగతి చెప్పి, పామర్రు దాకా ఒకటే నవ్వు. మీరూ వెళ్లాలనుకుంటే సోమవారం మాత్రం వద్దు. ఆ రోజు అర్జీలు ఇచ్చేవాళ్లతో ఆఫీసువాళ్లకు తీరికుండదు. మిగతా పనిదినాల్లో పదకొండింటికి వెళ్లి మర్యాదగా అడిగితే తాళం తీస్తారు.