మామగారు గదిలోకొస్తే ఆరిపోయే తెరలు

కరోనా తగ్గి ఆఫీసులన్నీ మళ్ళీ తెరిచిన మరుసటి వేసవిలో, రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, నన్ను సూళ్లూరుపేట కేంద్రంగా ఫీల్డ్ సపోర్టుకు వేశారు. మాది చెన్నైలోని ఒక మెడికల్ కోడింగ్ సంస్థ. ఆసుపత్రుల కేసు కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ చికిత్సకూ నిర్ణయించిన కోడ్ వేయడం అక్కడి పని. నెల్లూరు కోస్తాలో ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళ కంప్యూటర్లు నా బాధ్యత. సపోర్టులో మూడు అంచెలుంటాయి. మొదటివాడు ఫోన్లో వింటాడు, రెండోవాడు తన సీట్లోంచే ఆ కంప్యూటర్లోకి దూరి చూస్తాడు, ఇద్దరివల్లా కాకపోతే మూడోవాడు బస్సెక్కుతాడు. హోదాకు సీనియర్ ఇంజనీరునే గానీ, ఆ బస్సెక్కేవాణ్ణి నేనే.

కోట అనే ఊరి దగ్గరి పల్లె నుంచి కవిత అనే కోడర్ ఫిర్యాదు వచ్చింది. ఆమె లాప్‌టాప్‌కు డాకింగ్ స్టేషన్ ఉంది. అరచేతిలో పట్టేంత పెట్టె అది. లాప్‌టాప్ నుంచి ఒక్క యూఎస్‌బీ కేబుల్ దానికి పెడితే చాలు, దాని వెనక రెండు మానిటర్లు, కీబోర్డు, నెట్ కేబుల్ అన్నీ తగిలించుకోవచ్చు. సుఖమే, కానీ ఆ పెట్టె ఒక్క క్షణం స్పృహ తప్పితే అన్నీ కలిసి పోతాయి. కవితకు ఉన్నట్టుండి తెరలు రెండూ ఆరిపోయేవి, నెట్ తెగేది, లాగిన్ పోయేది. ఇంకొక్కసారి ఇలా అయితే చెన్నై ఆఫీసుకొచ్చి పనిచేయాలని మేనేజరు రాసేశాడు. ఆమెకు ఇంకా పాలు తాగే పాప.

నేను బయల్దేరబోతుంటే మా పై అధికారి ఫోన్ చేసి, వారంగా ఫాల్టు రాలేదట, ఆ ఫిర్యాదు టికెట్ మూసెయ్యమన్నాడు. ఆ మాటే కవితకు చెబితే ఆమె ససేమిరా అంది. “మూయొద్దు సార్. ఎందుకు ఆగిపొయ్యిందో వచ్చి చూడండి.” ఆగిపోయిన దానికి రిపేరేమిటని విసుక్కుంటూనే వెళ్ళాను.

ఆ ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదికే. కవిత బల్ల, పాప ఉయ్యాల రెండూ అక్కడే. మామగారు పెంచలయ్య మాత్రం వసారాలో చెమటలు కక్కుతూ తువ్వాలుతో విసురుకుంటున్నాడు. సంగతేమిటంటే, ఆయన పాపను చూడ్డానికి గదిలోకి వచ్చినప్పుడల్లా తెరలు ఆరిపోయేవట. “ఈయన అడుగు పెడితే కంప్యూటరు గూడా కళ్ళు మూసుకుంటా ఉండాది” అని ఆయన భార్య నవ్వులాటకే అన్నదట. పెద్దాయన దాన్ని మనసుకు పట్టించుకుని, గదిలోకి రావడం మానేశాడు. ఆ రోజు నుంచి ఫాల్టు కూడా రాలేదు. అంతటితో ఆయన నమ్మకం గట్టిపడిపోయింది. మనవరాలిని కిటికీలోంచి చూసి వెళ్ళిపోతున్నాడు.

“మామను ఎండకు కూర్చోబెట్టి నేను చల్లంగా ఉద్యోగం చేసుకుంటా ఉండా సార్. దీన్ని బాగయిందంటారా?” అని అడిగింది కవిత. అంతదాకా ఉన్న నా విసుగు ఎక్కడికి పోయిందో తెలియదు.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. డాక్‌కు దాని సొంత అడాప్టరే ఉందో లేదో చూశాను. యూఎస్‌బీ కేబుల్ మార్చాను. డాక్ లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాను. కరెంటు ఎగుడుదిగుళ్ళేమోనని ఏసీ ఆపి, వేసి, నీళ్ళ మోటారు కూడా వేయించి చూశాను. తెరలు నిక్షేపంగా వెలుగుతున్నాయి. మా పనిలో ఫాల్టును కళ్ళారా చూడనిదే బాగుచేశామనకూడదు. ఇక పెద్దాయన్ని పిలవక తప్పలేదు.

ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. “వద్దు సార్, ఆ బిడ్డ ఉద్యోగం పోగొట్టేదానికా నేను లోపలికి వచ్చేది?” పోతే నా పూచీ అని బతిమాలాను. నేను కుర్చీలో కూర్చుని తెరలు చూస్తున్నాను, కవిత ఉయ్యాల దగ్గర నిలబడింది. ఆయన వచ్చాడు. ఏమీ కాలేదు. బయటికెళ్ళి మళ్ళీ వచ్చాడు. అప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి నేను మెల్లగా లేచి, కవితను మామూలుగా కూర్చుని పనిచేసుకోమన్నాను. పెద్దాయన లోపలికి అడుగుపెట్టాడు, కవిత లేచి నిలబడింది, తెరలు రెండూ టక్కున ఆరిపోయాయి.

“చెప్పలా?” అంటూ ఆయన తలదించుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు తట్టింది, ముందు రెండుసార్లకూ ఈసారికీ తేడా ఆయన కాదు, కవిత లేవడం. నేను కుర్చీలో కూర్చుని చటుక్కున లేచాను. తెరలు ఆరిపోయాయి!

సీటు కింద గ్యాస్ గొట్టం ఉండి పైకీ కిందికీ జరిగే కుర్చీ అది. మనిషి చటుక్కున లేస్తే కొన్ని కుర్చీల్లో ఒంటికి తెలియనంత చిన్న విద్యుత్ కుదుపు పుడుతుంది. పక్కనున్న మానిటర్ కేబుల్ నాసిరకానిదైతే దాన్ని పట్టేసుకుంటుంది, డాక్ బెదిరి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. మరి ఇంతకాలం తెలియలేదెందుకు? రోగుల వివరాలు ఎవరూ చూడకూడదని, సీటు వదిలేముందు కంప్యూటర్ లాక్ చేయాలన్నది మా రూలు. తనంతట తాను లేచినప్పుడు కవిత లాక్ చేసే లేచేది. అప్పుడు తెరలు ఎలాగూ ఆరేవే, లాగిన్ ఎలాగూ మళ్ళీ చేసేదే. మామగారొస్తే మాత్రం ఉన్నపళంగా లేచేది. పెద్దవాళ్ళు వస్తే కూర్చుని ఉండటం ఆమెకు చేతకాదు.

పెంచలయ్య గారిని కిటికీ అవతల నిలబెట్టి, నేను కూర్చుని లేచాను. తెరలు ఆరిపోయాయి. మళ్ళీ చేయమన్నాడు. చేశాను. “నేను ఈడనే కదా ఉండేది! అయితే ఆ కుర్చీ ముండదా ఇదంతా?” అని అరిచాడు. భార్యను కేకేసి పిలిచి, ఆమె ముందు నన్ను ఇంకోసారి లేపాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆ కుదుపును ఆపే లోహపు తొడుగున్న మానిటర్ కేబుళ్ళు చెన్నై నుంచి తెప్పించే ఏర్పాటు చేశాను. అవి వచ్చేదాకా ఇంట్లో ఉన్న చెక్క కుర్చీ వేయించాను. అందరం లేచి కూర్చుని పరీక్షించాం, ఫాల్టు రాలేదు. టికెట్‌లో మనుషుల ప్రస్తావన లేకుండా, కారణం కుర్చీ, కేబుళ్ళు అని రాశాను.

పరికరం చెడినచోట ఎవరున్నారని అడిగితే దొరికేది నింద మోసే మనిషే. ఆ క్షణాన ఎవరు ఏం చేశారని అడిగితేనే ఫాల్టు దొరుకుతుంది. ఆ ఇంట్లో నేను నేర్చుకున్నది ఇదే. నేను సామాను సర్దుకుంటుండగా పెంచలయ్య గారు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. కవిత లేచింది. తెరలు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన వాటివైపు చూడనైనా చూడకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్ళారు.