మరిపెడ లైన్ ఆగిన పూట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక, నాకంటే పన్నెండేళ్లు చిన్నదాని దగ్గర రౌటర్ పని నేర్చుకోవాల్సి వచ్చేసరికి అది ఇంకాస్త ముదిరింది. మట్టెవాడలో మాది బట్టల దుకాణం. దాన్ని మా ఆయనకు వదిలేసి, హన్మకొండలో కోర్సు చేసి, ఇంటర్నెట్ లైన్లు నడిపే ఒక చిన్న ఆఫీసులో మూడు నెలల ట్రయల్ మీద చేరాను. నాకు పని నేర్పిన ఇంజనీరు వర్ధన్నపేట వైపు రైతుబిడ్డ. ఆమె నన్ను అక్కా అనేది. నేను ఆమెను మేడం అనేదాన్ని, కాస్త సాగదీసి. ఆ సాగదీత ఆమెకు వినబడేది. అయినా అక్కా అనడం మానేది కాదు. అది నాకు ఇంకా మంట.

ఇంట్లో గోడకు తగిలించే తెల్ల డబ్బా అయితే ఫోన్లో బొమ్మలు నొక్కి సెట్టింగులు మార్చుకోవచ్చు. మా రౌటర్లకు ఆ సుఖం లేదు. నల్లటి తెర మీద కమాండ్లు ఒక్కొక్కటే టైపు చేయాలి. లోపలికి వెళ్లగానే చూడటం వరకే మన హక్కు. ‘ఎనేబుల్’ అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే పెత్తనం వస్తుంది. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ అంటే మార్పులు మొదలు. తర్వాత ఏ పోర్టును, అంటే తీగ గుచ్చే ఏ సందును, ముట్టుకుంటున్నామో నంబరుతో చెప్పాలి. ‘షట్‌డౌన్’ అంటే ఆ పోర్టు మూతపడుతుంది, ‘నో షట్‌డౌన్’ అంటే తెరుచుకుంటుంది. తెరవడానికి ‘నో’ అనడమేమిటని మొదటి రోజే గొడవ పెట్టుకున్నాను.

“గా పేరు నేను పెట్టింది కాదక్కా,” అని నవ్విందామె.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మనం కొట్టిన మార్పు అప్పటికప్పుడు పనిచేస్తుంది కానీ, సేవ్ చేసేదాకా రౌటర్ దాన్ని పక్కాగా రాసుకోదు. కరెంటు తీసి పెడితే మన మార్పు మరిచిపోయి, పాత పద్ధతిలోనే లేస్తుంది. అందుకే ఆమె రెండు మాటలు రోజూ చెప్పేది. దూరంలో ఉన్న రౌటర్‌ను ముట్టుకునే ముందు అక్కడి మనిషికి ఫోన్ చేసి ప్లగ్గు దగ్గర నిలబెట్టాలి. నెట్ వస్తోందని ఆ మనిషి నోటితో చెప్పాకే సేవ్ చేయాలి.

మా లైన్ వెళ్లే మరిపెడలో ఆ మనిషి ఒక మిషన్ కుట్టే పెద్దమ్మ. మా రౌటర్ వాళ్ల మేడ మీది గదిలో ఉండేది, తాళంచెవి ఆమె కొంగున ఉండేది. ఫోన్ చేస్తే చాలు, “తిన్నవా బిడ్డా” దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల నొప్పుల దాకా చెప్పేది. అరగంట పోయేది.

ట్రయల్ ముగియడానికి రెండు రోజులుందనగా, ఆ పొద్దున మా ఇంజనీరు ఓనరుకు ఫోన్లో చెప్పడం విన్నాను. “అక్క పక్కా అయింది సార్. ఒక్కదానికే పని ఇయ్యొచ్చు. పూచీ నాది.” నా ఛాతీ పొంగింది. ఆ పొంగులోనే మరిపెడ పని తీసుకున్నాను. వాడకంలో లేని ఒకటో నంబరు పోర్టు మూసేయాలి, అంతే. ఇంత చిన్న పనికి పెద్దమ్మ మోకాళ్ల కథ ఎవరు వింటారని ఫోన్ చేయలేదు.

ఒకటి కొట్టాల్సిన చోట సున్నా కొట్టాను. కింద ‘షట్‌డౌన్’. ఎంటర్.

తెర బిగుసుకుపోయింది. సున్నా పోర్టు మీదే మరిపెడకు నెట్ పోతుంది. నేను లోపలికి వెళ్లిన దారీ అదే. తెరుద్దామంటే ఇక ఇక్కడి నుంచి వీలు లేదు. పెద్దమ్మకు ఫోన్ చేశాను.

“దవాఖానల ఉన్న బిడ్డా, మోకాళ్లు చూపిచ్చుకుందామని. తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది. ఏమైంది?”

చెప్పలేక చెప్పాను. ఫోన్ పెట్టేసింది. చీటీ రాయించుకుని వరసలో కూర్చున్న మనిషి, డాక్టరును చూడకుండానే లేచి ఆటో ఎక్కిందని నాకు తర్వాత తెలిసింది.

ఇంతలో మా ఇంజనీరు ఫోన్ మోగింది. ఓనరు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. నా ఉద్యోగంతో పాటు ఆమె మాట కూడా పోయింది. అది తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

“అవును సార్, మరిపెడ బందైంది. అక్క చేతుల జరిగింది. కాని ఆమెను ఒక్కదాన్ని వదిలింది నేను, ఫోన్ చేసినవా అని అడగంది నేను. లైన్ ఎక్కినంక మీతోని మాట్లాడ్త.”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చేసినవా అని ఆమె ఒక్కసారి అడిగి ఉంటే చేశానని అబద్ధమాడి ఉండేదాన్నేమో, అంత పొగరు మీదున్నాను ఆ రోజు.

ముప్పావు గంటకు పెద్దమ్మ మేడ ఎక్కింది. ఒక్కో మెట్టుకూ ఆమె మూలుగు ఫోన్లో వినబడింది. ప్లగ్గు తీసింది, కాసేపాగి పెట్టింది. నేను సేవ్ చేయలేదు కాబట్టి రౌటర్ నా తప్పును మరిచిపోయి లేచింది. “వస్తాంది బిడ్డా, నెట్ వస్తాంది,” అంది పెద్దమ్మ. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

పోర్టు పని ఇంకా మిగిలే ఉంది. మా ఇంజనీరు చేస్తుందని పక్కకు జరిగాను. ఆమె ఖాళీ కుర్చీని నా వైపు లాగింది.

“కూసో అక్కా. మళ్ల కొట్టు.”

“నా వల్ల కాదు మేడం. మళ్ల సున్నానే కొడ్తనేమో.”

“కొడ్తె కొడ్తవ్. పెద్దమ్మ ఆడనే నిలవడ్డది, నేనీడ ఉన్న. కొట్టు.”

కొట్టాను. ఈసారి నంబరును పైకి చదివి, ఆమె తలూపాక ఎంటర్ నొక్కాను. అవతల పెద్దమ్మ వస్తాందన్నాక సేవ్ చేశాను.

ఓనరు చేత ఆమె ఎన్ని మాటలు పడిందో నాకెప్పుడూ చెప్పలేదు. నన్ను మాత్రం మరో నెల ట్రయల్ పెట్టి ఉంచుకున్నారు. ఆ కుర్చీలో ఆమే కూర్చుని రెండు లైన్లు కొట్టేసి ఉంటే ఎవరూ తప్పనేవారు కాదు. నేను మాత్రం ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకుని దుకాణానికి వెళ్లిపోయేదాన్ని, ఇక ఏ కీబోర్డునూ ముట్టేదాన్ని కాదు.