తాతయ్య అటునుంచి చదివిన పుస్తకాలు

నలభై ఏళ్లుగా ఒకే గదిలో కూర్చుని కుట్టుమిషన్లు బాగుచేస్తున్న ఆ పెద్దాయనకు ఒక పట్టుదల ఉంది. మిషను విప్పేటప్పుడు ఒక్కో ముక్కనూ పాత దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి పేర్చాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. ఈ వరస తప్పినవాడు మెకానిక్కే కాడని ఆయన తీర్మానం. వీధిలో అందరికీ ఆయన మిషన్ల తాత. మాటకారి. సూది మార్చమని వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి, వాళ్ల పెళ్లినాటి సంగతుల దాకా ఆరా తీసి గానీ పంపడు.

అంత మాటకారి ఇంట్లో నాలుగు నెలలుగా మాట కరువైంది. జబ్బుచేసి ఆయన కూతురు పోయింది. అల్లుడు సరుకు లారీతో వారమంతా రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి, పన్నెండేళ్ల మనవరాలు తాత దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల నోట ‘ఊ’, ‘ఊహూ’ తప్ప మూడో ముక్క లేదు. మొన్న టీచరమ్మ ఆయన్ని పిలిపించింది.

“పాఠం అడిగితే లేచి నిలబడుతుంది గానీ నోరు మెదపదండీ. ఇంట్లో మాట్లాడుతోందా?”

“ఆఁ, బాగానే మాట్లాడుతోందమ్మా” అని తాత పచ్చి అబద్ధమాడి వచ్చాడు. ఆ అబద్ధాన్ని ఎలాగైనా నిజం చేయాలి. ఇప్పుడాయనకు అంతకన్నా పెద్ద పని లేదు.

బడి వదిలాక పిల్ల దుకాణానికి వచ్చి, మూలనున్న స్టూలు మీద కూర్చుని మాంగా చదువుకునేది. బడి లైబ్రరీలో తెచ్చుకున్న, తెలుగులోకి వచ్చిన జపాను బొమ్మల పుస్తకాలవి. చదివినవి నూనె డబ్బాల పక్కన పెట్టేది. పిల్ల లోకం ఆ పుస్తకాల్లో ఉన్నప్పుడు తను బయట నిలబడి తలుపు కొడితే ఏం లాభం, లోపలికే వెళ్దామనుకున్నాడు తాత. పిల్ల బడికి వెళ్లాక, సూది బెజ్జం చూసే భూతద్దం పెట్టుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. రెండు వారాల్లో నాలుగు పూర్తిచేశాడు. నాలుగోది చదువుతూ ఏడ్చాడు కూడా. మసిగుడ్డతో కళ్లు తుడుచుకోవడంతో కంటికింద నల్లటి మచ్చ పడింది.

సాయంత్రం పిల్ల వస్తూనే ఆ మచ్చ వైపు అలాగే చూసింది. ఇదే సందు అనుకున్నాడు తాత.

“నీ పుస్తకాలు చదివానులే. చెప్పనా?”

“ఊ.”

“ఆ బాక్సింగు కుర్రాడిది నాకు నచ్చలేదమ్మా. మొదటి పేజీలోనే కప్పు గెలిచాడు. సంతోషించాను. తరవాత రోజురోజుకీ బలం తగ్గిపోయి, చివరికి బక్కచిక్కిపోయి, సందులో ఎవరి చేతో తన్నులు తిని కూర్చున్నాడు. గెలిచినవాడు మరీ అంత దిగజారాలా?”

పిల్ల పుస్తకం మూసింది. తాత ఉత్సాహం పుంజుకున్నాడు.

“డిటెక్టివుది మాత్రం భలే ఉంది. హంతకుడు వచ్చీ రాగానే తప్పు ఒప్పేసుకున్నాడు. అక్కణ్నుంచి ఆ డిటెక్టివుకే మతిపోయింది, తెలిసినవన్నీ ఒక్కొక్కటే మర్చిపోయాడు. ఆఖర్న ఆ చచ్చినాయన లేచి కూర్చుని టీ తాగాడు. పైగా అందరూ ముందు జవాబు చెప్పి తరవాత ప్రశ్న అడుగుతారు. అదేం మర్యాదో గానీ నాకు ముచ్చటేసింది.”

“ఊ.”

“వంటావిడ సంగతి సరేసరి. వండిన కూర విడదీసి, ముక్కలన్నీ అతికించి, కూరగాయలు బుట్టలో పెట్టుకుని బజారులో తిరిగి ఇచ్చేసి వచ్చింది. అంత పొదుపు మీ అమ్మమ్మ దగ్గర కూడా చూడలేదు.”

పిల్ల భుజాలు కదిలాయి. చేత్తో నోరు మూసుకుంది.

“ప్రేమ కథ దగ్గరే నా వల్ల కాలేదు. చక్కగా ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు, వేరే ఇళ్లకు వెళ్లిపోయి, చివరికి ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని కూడా ఒకళ్లెవరో ఒకళ్లకి తెలీదు.”

“తాతయ్యా” అంది పిల్ల. “నువ్వు అటునుంచి చదివావు.”

తాత చేతిలోని మరమేకు కిందపడి, ఆయన విప్పుతున్న మిషను కిందికి దొర్లిపోయింది. ఆయన వెతకలేదు. కదిలితే మాట ఆగిపోతుందేమోనని భయం.

పిల్ల ఒక పుస్తకం తీసి, ఆయన మొదటి పేజీ అనుకున్నదాన్ని తెరిచింది. దాని మీద లైబ్రరీవాళ్లు తేదీల కాగితం అంటించారు. గోటితో అంచు లేపితే కింద అచ్చులో ఉంది: ఇది చివరి పేజీ, కుడివైపు నుంచి మొదలుపెట్టండి.

“సరిగ్గా దాని మీదే అంటించారే” అన్నాడు తాత. “ఈ కథల్ని మిషను విప్పినట్టు విప్పి చూపిస్తున్నారనుకున్నాను.”

“చచ్చినాయన లేచి కూర్చుంటే కూడా అనుమానం రాలేదా?”

“మంచి డాక్టరు దొరికాడేమో అనుకున్నా” అనేసి తాత నాలుక కరుచుకున్నాడు. పిల్ల ముఖం వాడిపోయింది. దొరికిన మాటను చేజేతులా పోగొట్టుకున్నానని తిట్టుకున్నాడు.

పిల్లే పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతూ అంది. “అటునుంచి చదివితే అందరూ బాగైపోతారు కదా.”

“ఊ” అన్నాడు తాత.

“అమ్మది చెప్పు. అటునుంచి.”

ఆయన స్క్రూడ్రైవరు దుప్పటి మీద పెట్టాడు. చెప్పగలనో లేదో ఆయనకే తెలియదు. అయినా మొదలుపెట్టాడు.

“మొదటి పేజీలో అమ్మ మంచం మీద ఉంది. పేజీ తిప్పాం. కళ్లు తెరిచింది. నర్సు వచ్చి చేతికున్న సూది తీసేసి వెళ్లిపోయింది.”

“ఊ.”

“ఊడిన జుట్టంతా వచ్చి తలకి అతుక్కుంది. ఒళ్లు చేసింది. బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేసింది.”

“జడ?”

“నడుం దాకా పెరిగింది. నీ బడి తగ్గుతూ వచ్చింది. అయిదో క్లాసు, మూడు, ఒకటి. నీ పళ్లన్నీ పోయాయి. నడక మర్చిపోయి అమ్మ చంకెక్కావు. ఒకరోజు పొత్తిళ్లలో ఇంతే ఉన్నావు, అమ్మ నిన్ను చూసి నవ్వుతోంది.”

“ఆగు తాతయ్యా” అంది పిల్ల ఆయన మోచేయి పట్టుకుని. “ఇంకా వెనక్కి వెళితే నేనుండను. అమ్మ ఒక్కతే అయిపోతుంది.”

తాత దుప్పటి మీద ముక్కల వైపు చూశాడు. అవి ఎడమ నుంచి కుడికి ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

“విప్పినదాన్ని అలా వదిలెయ్యకూడదమ్మా. ఇటునుంచి బిగించుకుంటూ రావాలి. అది నువ్వు చెప్పు, నేను ఊ కొడతాను.”

పిల్ల స్టూలు దగ్గరికి లాక్కుంది. పొత్తిళ్ల నుంచి మొదలుపెట్టింది. మొదటి పన్ను, మొదటి బడి, అమ్మ జడ వేస్తూ పెట్టిన చీవాట్లు, వానలో ఇద్దరూ తడిసి వచ్చిన రోజు. తాతకు తెలియనివి ఎన్నో ఉన్నాయి. ఒక్కోదానికీ ఆయన ఊ కొట్టాడు. ఆసుపత్రి దగ్గర కూడా పిల్ల ఆగలేదు. చివరి పేజీకి వచ్చేసరికి తాత మళ్లీ మసిగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

“అమ్మ కళ్లు మూసుకుంది తాతయ్యా” అంది పిల్ల, ఏడుస్తూ. “నేను చెయ్యి వదల్లేదు.”