బెర్లిన్ బాల్కనీలో ఎండ

పోయిన మంగళవారం పొద్దున మా సారు పోయారు. మద్రాసు వ్యాసర్పాడిలోని ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసులో ప్లాన్ దిద్దుతున్నాను. ఇక ఆ రోజు పని ముందుకు సాగలేదు.

ఆర్కిటెక్చర్ కాలేజీలో ఆయన మాకు భవనాల చరిత్ర చెప్పేవారు. బెర్లిన్ నగరం రెండు ముక్కలుగా ఉన్న రోజుల్లో, సోషలిస్టు ప్రభుత్వం తూర్పు వైపు కట్టిన పెద్ద వీధి అంటే ఆయనకు ప్రాణం. యుద్ధంలో కూలిన చోట కార్మికుల కోసం లేపిన మేడలు, ఎత్తయిన స్తంభాలు, గోడలనిండా పింగాణీ పలకలు. పెళ్ళిమండపంలా ఉందని మేం నవ్వితే కసురుకునేవారు.

"నవ్వండి, నవ్వండి! ఈడ మన రైల్వే కూలోళ్ళకి ఇట్టాంటి వాకిలి ఎవురు కట్టినారప్పా?"

పాపం, ఆ ఊరు ఆయన ఎన్నడూ చూడలేదు. ఉన్నదల్లా ఒక పాత ఫొటోల పుస్తకం.

ఏ భవనం చూపించినా ఆయన మొదట అడిగేది ఒకటే: "నీడ యాడ పడతాది?" ఆ వీధిలో బాల్కనీలు ఎండ నుంచి తప్పించుకోవడానికే కట్టారని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. మద్రాసువాళ్ళం కదా, మాకూ అనుమానం రాలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద బెర్లిన్ వెళ్ళాను. ఆ బాల్కనీల్లో జనం మొహాలు ఎండకు పెట్టి హాయిగా కూర్చున్నారు. తిరిగొచ్చి, ఇంకో ఇద్దరు పాత విద్యార్థుల ముందే సారుతో అనేశాను: "మీరు చెప్పింది తప్పు సార్. వాళ్ళకి కావాల్సింది ఎండే."

ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆయన "అట్నా" అని ఊరుకున్నారు. ఆయన మనసు కష్టపెట్టానని తెలిసీ మళ్ళీ వెళ్ళలేదు. వెళ్దాంలే, వెళ్దాంలే అనుకుంటూ గడిపేశాను.

అంత్యక్రియలయ్యాక తెలిసింది. గుర్తున్న ప్రతి విద్యార్థికీ ఆయన ఫోన్ చేసి, "నేను చెప్పింది తప్పు. మన పిల్ల పోయి చూసొచ్చింది. దిద్దుకోండి" అన్నారట. నాకు మాత్రం చెయ్యలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"సారుకి నా మీద కోపమా అమ్మా?" అని ఆయన భార్యను అడిగాను.

"కోపమా? భలేదానివే! నువ్వు చెప్పిపోయినాక, ఆ మే నెలలో, మిట్టమధ్యాన్నం బాల్కనీలో కూర్చునేసినారు. లోపలికి రమ్మంటే, 'ఉండు, వాళ్ళకి ఎట్టుంటాదో చూస్తా ఉండా' అన్నారు."

ఆ మండుటెండలో కళ్ళు మూసుకుని, చెమటలు కారుతున్నా కదలకుండా, ఎన్నడూ చూడని ఊరివాళ్ళ సుఖమేమిటో తెలుసుకుందామని మొహం పైకెత్తి కూర్చున్న మా సారు.