బిగుసుకుపోయిన గానుగలు

1946 అక్టోబరులో చీపురుపల్లి రైలు స్టేషనుకు దగ్గరలో ఉన్న ఒక ఇనప కార్ఖానాలో ట్రైనింగ్ ఫోర్‌మన్‌గా చేరాను. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఇంకా పుట్టలేదు. అంతా విశాఖపట్టణం జిల్లాయే. ఫోర్‌మన్ అంటే మేస్త్రీల మీద మేస్త్రీ. నా పదవికి ట్రైనింగ్ అనే తోక కూడా తగిలించారు కనక, పని చేయించడంతోపాటు నేర్పడం కూడా నా నెత్తినే పడింది.

కార్ఖానా యజమాని కామేశం శెట్టిగారిది తరతరాలుగా బెల్లం వ్యాపారం. బెల్లం కొనేవాడు గానుగ మాత్రం ఎందుకు అమ్మకూడదని ఆయనకు తోచింది. అలా మొదలైంది మా కార్ఖానా. మేము తయారుచేసేవి ఎడ్లు తిప్పే చెరుకు గానుగలు. నిలువుగా మూడు ఇనప రోలర్లు, వాటిమీద ఒక పొడుగాటి దూలం. ఎడ్లు దూలాన్ని లాగుతూ చుట్టూ తిరిగితే రోలర్ల మధ్య చెరుకు నలిగి రసం దిగుతుంది. చూడటానికి మోటు యంత్రమే గాని, రోలరు ఇరుసు కిందా పైనా కూర్చునే బుష్షుల దగ్గర పని చాలా సున్నితం. బుష్షంటే ఇరుసు తిరిగే కంచు గొట్టం. అది వదులైతే రోలరు ఊగుతుంది, బిగువైతే తిరగదు.

నా చేతికి అప్పగించిన ఆరుగురూ చుట్టుపక్కల ఊళ్ల రైతు బిడ్డలు. మీసాలు వచ్చి, పెళ్లిళ్లయి, నాగలి పట్టిన చేతులు. నేను రైల్వే క్వార్టర్సులో పుట్టి, రైల్వే వర్క్‌షాపులో పని నేర్చినవాణ్ణి. చెరుకు తోట దగ్గరగా చూసింది కూడా ఈ ఉద్యోగంలోకి వచ్చాకే. అయినా మా మధ్య పాఠం బాగానే సాగింది. వాళ్లలో అప్పలసూరి అనే అతను అందరికంటే చురుకైనవాడు. నెల తిరక్కుండానే బుష్షును ఆకురాయితో సరిచేసి, నొక్కి కూర్చోబెట్టడం పట్టేశాడు. అందుకే ఆఖరి పరీక్ష బాధ్యత అతనికిచ్చాను.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. గానుగ బిగించాక, రోలర్ల మధ్య సందును సన్నటి రేకుల గేజితో కొలవాలి. తరువాత దూలాన్ని మనుషులే పట్టుకుని పూటంతా ఖాళీగా తిప్పాలి. కొత్త ఇరుసూ కొత్త బుష్షూ ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునేది అప్పుడే. ఆ మీదట దూలం విప్పి, గడ్డి చుట్టి, రైలుకెక్కించడమే. రసం తొట్టీ, కింది బుష్షు మీద రసం పడకుండా కప్పే మూతా విడిగా పంపేవాళ్లం. అవి రైతు కళ్లంలో బిగించుకోవలసినవి.

మొదటి గానుగ నరసన్నపేట దగ్గర కూర్మినాయుడు అనే రైతుకు వెళ్లింది. అది చేరిన వారం దాటకుండానే, గానుగ తిరగడం లేదని కబురొచ్చింది. తిలారు స్టేషన్లో దిగి బండిమీద వెళ్లాను. దూలానికి ఎడ్లను కట్టి చూపించాడాయన. పాపం, అవి మెడలు సాచి లాగుతున్నాయి. గానుగ ఉలకదు, పలకదు.

“ఏటి బాబూ ఇది, గానుగా, ధొజస్తంభమా? పాతేసినట్టున్నాది,” అన్నాడు కూర్మినాయుడు.

కింది బుష్షు విప్పి చూస్తే ఇరుసు చుట్టూ నల్లటి పెచ్చు గట్టిపడి ఉంది. దానికి చీమలు పట్టాయి. నాకు ఒళ్లు మండింది. తొట్టీ మూతా బిగించకుండానే చెరుకు పెట్టి ఆడించావని ఆయన మీద విరుచుకుపడ్డాను.

“మా గుమ్మంలోకి వొచ్చిన కాడ్నించి ఒక్క సెరుకు గెడ పెట్టనేదు. తిరిగితే గదా బాబూ పెట్టడానికి!”

ఆయన అన్నదీ నిజమే. తిరగని గానుగలో చెరుకు ఎలా పెడతాడు? చెరుకు పెట్టకపోతే చీమలెందుకు పట్టాయి? తిరుగు ప్రయాణంలో రైలు దిగేదాకా ఈ రెండు ప్రశ్నలే తిప్పి తిప్పి వేసుకున్నాను. కార్ఖానా నుంచి బయలుదేరినప్పుడు ఆ గానుగ నా కళ్లముందే వేలితో తోస్తే తిరిగింది.

తరువాత వెళ్లినవాటిదీ అదే తంతు. ఒకటి శ్రీకూర్మం వైపునుంచి తిరిగొచ్చింది, ఇంకొకటి రాజాం వైపునుంచి. నూనెను అనుమానించాను. యుద్ధం ముగిసినా మంచి నూనె ఇంకా దొరికేది కాదు, దొరికిందే కల్తీ. నూనె మార్చాను, ఫలితం లేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టిందేమో అనుకున్నాను. రాజాంకు సముద్రమెక్కడిది? గడ్డిలో చీమలు వస్తున్నాయేమోనని గోనెలు చుట్టించాను. చీమలు గోనెల్లోంచి కూడా వచ్చాయి. చివరికి పరీక్షలోనే తేడా ఉందేమోనని, ఒక గానుగ తిప్పుతున్నంతసేపూ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. నేను స్టూలు తెచ్చుకునేసరికే వాళ్లు తిప్పడం మొదలుపెట్టారు. ఆ పూటంతా రోలర్ల మధ్య గాలి తప్ప ఏమీ లేదు. రైతు దగ్గరికి చేరేసరికి అదీ బిగుసుకుపోయింది! నా తల బొప్పి కట్టింది. నాకు పని వచ్చో రాదో అని నాకే అనుమానం పట్టుకుంది.

శెట్టిగారు నన్ను తన బెల్లం కొట్టుకు పిలిపించారు. ఆయన కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు, ఇంకా తగ్గిస్తారు. “ఫోర్‌మన్ గారూ, నాగలి పట్టీవోళ్లకి ఇనుము అబ్బదేమోనండి. ఇంకొక్క గానుగ సూస్తాను. అదీ బిగిసిపోతే ఈళ్లందర్నీ ఇంటికి పంపీసి, పట్నం నుంచి పాత ఫిట్టర్లని తెచ్చుకుందాం,” అన్నారు.

ఈ మాట కార్ఖానాలో దాగలేదు. ఆ సాయంత్రం అప్పలసూరి నా వెంట స్టేషనుదాకా నడిచాడు. ఎన్నోసారో గుర్తులేదు గాని మళ్లీ అడిగాను, నేను చెప్పినట్టే తిప్పుతున్నారా అని.

“మీరు సెప్పినట్టే బాబూ. ఒక్క సుట్టు తగ్గించనేదు.” కొంత దూరం నడిచాక అన్నాడు, “సేను మా బావ సేతిలో పెట్టీసి వొచ్చినాను. ఇప్పుడు మళ్లీ యెల్తే నా సేలో నేనే కూలోడ్ని.”

అతని ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. అబద్ధం కాకపోతే మరేమిటో అంతుబట్టలేదు. ఆ మనిషిని ఇంటికి పంపవలసి వస్తుందేమోనని నాకు నిజంగా బాధ కలిగింది.

ఆఖరి గానుగను మొదటినుంచి చివరిదాకా నేనే బిగించాను. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పొద్దున్నే శెట్టిగారు వచ్చారు. ఎంత తేలిగ్గా తిరుగుతుందో మీరే తోసి చూడండని దూలం ఆయన చేతికిచ్చాను.

శెట్టిగారు దూలం పట్టుకున్నారు. తొయ్యలేదు. రోలర్ల వంక చూశారు, తరువాత మనుషుల వంక చూశారు. అప్పలసూరి ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి, గోడవార ఉన్న చెరుకు గెడ నుంచి ఒక కణుపు విరిచి రోలర్ల సందున పెట్టాడు. శెట్టిగారు దూలాన్ని కళ్లకద్దుకుని తోశారు. చెరుకు చిటపటమని నలిగింది. రసం రోలరు వెంట జారి, మూత లేని కింది బుష్షులోకి దిగిపోయింది. అప్పలసూరి గుడ్డతో పైపైన తుడిచేసి పక్కకు తప్పుకున్నాడు. ఇంతా చేసి, ఏమీ జరగనట్టే నిలబడ్డారు అందరూ.

“ఆపండి!” అని అరిచాను. “ఏం పెట్టావయ్యా అందులో?”

“సెరుకు ముక్క బాబూ.”

“ఖాళీగా తిప్పమన్నాను కదా!”

“ఖాళీగానే తిప్పుతాం బాబూ. మొదటి సుట్టుకే ముక్క. తరవాతంతా మీరు సెప్పినట్టే.”

“ప్రతి గానుగకీ పెట్టావా?”

“పెట్టకపోతే ఎలాగ బాబూ?” అన్నాడు. తిరిగి నన్నే ఎగాదిగా చూశాడు.

శెట్టిగారు అతన్ని సమర్థించారు. “ఉత్తి గానుగ తిప్పితే ఇంట్లో గింజ నిలస్తాదేటండీ? ఉత్తి తిరగలే తిప్పం. ఇది కూడా ఒకరు సెప్పాలా?”

సెప్పాలి! నాకు మాత్రం సెప్పాలి! మా క్వార్టర్సులో పిండి మిల్లు నుంచి వచ్చేది. తిరగలికి ఇన్ని మర్యాదలున్నాయని నాకెలా తెలుస్తుంది? నవ్వాలో ఏడవాలో తెలియక పానా తీసుకుని కింది బుష్షు విప్పాను. రసం మెరుస్తోంది. వారం రోజులు వ్యాగనులో పడి ఉంటే ఈ రసమే పాకమై, ఇనప రజనుతో, తుప్పుతో కలిసి గట్టిపడుతుందని చూపించాను. నేను స్టూలు వేసుకుని కాపలా కూర్చున్న గానుగకూ, నేను రాకముందే ఈ బోణీ జరిగిపోయి ఉంటుంది.

శెట్టిగారు ముందుకు వంగి బుష్షులోకి చూశారు. ఆయన చెయ్యి ఇంకా దూలం మీదే ఉంది.

“ఇప్పుడు ఎవర్ని ఇంటికి పంపమంటారు?” అని అడిగాను.

ఆయన చెయ్యి తీసేసి కండువాతో తుడుచుకున్నారు. “అందర్నీ ఉండమనండి,” అన్నారు. అప్పలసూరి ఉన్నచోటే చతికిలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని అందరికీ తెలుసు.

ఇక మీదట ముక్క పెట్టవద్దని ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఇస్తే నా ఎదుట మానేసి, నా వెనక పెడతారు. అందుకని ఒక గోనె పీలికను నూనెలో ముంచి, మొదటి చుట్టుకు ఇది రోలర్ల మధ్య పెడితే ఖాళీ కాదు కదా అని అడిగాను. ఆరుగురూ తమలో తాము మాట్లాడుకున్నారు. శెట్టిగారు కూడా అందులో చేరారు. ఆఖరికి ఆయనే తీర్పు చెప్పారు. “గోనెలో గింజలుండీవి కదా. పరవానేదు.”

అప్పటినుంచి మా గానుగ ఒక్కటీ బిగుసుకోలేదు. కూర్మినాయుడికి కొత్తది బిగించడానికి నేనూ అప్పలసూరీ వెళ్లాం. తొట్టీ మూతా బిగించాక, ఆయన ఎడ్లను కట్టేలోగా చెరుకు గెడ నేనే తెచ్చి అందించాను. “ఈ బాబుకిప్పుడు తెలిసొచ్చినాది,” అని నవ్వాడాయన.

కొత్తవాళ్లకు ఏం చెయ్యాలో చెప్పడం సగం శిక్షణే. ఎంత చెప్పినా వాళ్లు చెయ్యనిది ఏమిటో పని మొదలుపెట్టకముందే కనుక్కోవాలి. అది వాళ్లంతట వాళ్లు చెప్పరు. దాచడం వల్ల కాదు, లోకమంతటికీ తెలిసిన సంగతే అనుకోవడం వల్ల. ఆ తరువాత ఏ కార్ఖానాలో కొత్త బ్యాచి వచ్చినా, పనిముట్టు చేతికివ్వకముందు, ఎవరు చెప్పినా మీరు చెయ్యని పని ఏది అని ఆ ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి. చాలాచోట్ల నన్ను పిచ్చివాడిలా చూశారు. అయినా అడగడం మానలేదు.