ఐదింటి అలవాటు

దీవిలో అందరూ ఆయన్ని ఇంజన్ బాబాయి అనే పిలిచేవారు. పడవల రేవుకు ఎగువనున్న రేకుల షెడ్డులో ఇరవయ్యారేళ్లపాటు డీజిల్ జనరేటర్ నడిపింది ఆయనే. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి రాత్రి పదింటికి ఆపేసేవాడు. ఆ మోతకు ఎడమ చెవి ఎప్పుడో మొరాయించింది. భార్య ఆ పక్కన నిలబడి సణిగితే హాయిగా తలూపేవాడు.

స్కూలు వెనక మిట్టమీద సోలార్ పలకలు బిగించి, బ్యాటరీల గది కట్టాక జనరేటర్ ఆగిపోయింది. ఇక రోజంతా కరెంటే అన్నారు. బాబాయికి పలకలు తుడిచే పని ఇచ్చారు. సముద్రపు గాలికి తెల్లారేసరికి వాటిమీద ఉప్పు పేరుకునేది.

"పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను. నన్ను పొగ ఆపేసి పొమ్మన్నారు," అన్నాడు భార్యతో.

"ఆ మసి బట్టలు ఇన్నేళ్లూ ఉతికింది నేను. నాకు మాత్రం పీడ విరగడైంది," అందామె, కుడిచెవి వైపు వచ్చి మరీ.

మొదటి నెలలోనే తంటా వచ్చిపడింది. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరంతా చీకటి. సోలార్ పని చూసుకోవడానికి వచ్చిన ఇంజనీరమ్మ బ్యాటరీలన్నీ పరీక్షించింది, తీగలన్నీ తడిమింది. ఎక్కడా లోపం లేదు. "డీజిలే నయం" అని రేవులో గొణుగుడు మొదలైంది. ఆ మాట విన్నప్పుడు బాబాయికి లోలోపల తృప్తి కలగకపోలేదు. ఆ వెంటనే సిగ్గేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె బ్యాటరీల గదిలో తల పట్టుకుని కూర్చుంటే, తడిగుడ్డ పిండుకుంటూ లోపలికి తొంగిచూశాడు. తెరమీద ఊరి వాడకం ఒక గీతలా కనిపిస్తోంది. పగలంతా నేలబారుగా పాకి, ఒకచోట నిటారుగా లేచింది.

"ఇది ఎన్నింటికమ్మా?"

"సరిగ్గా ఐదింటికి, బాబాయ్. ఎందుకో అంతు చిక్కడం లేదు."

బాబాయి పకపకా నవ్వాడు. "అది ఐసు కొట్టు అక్క మిషను. ఆ వెంటనే మంచినీళ్ల మోటారు, ఆపైన వెల్డింగు షాపు. నేను ఇంజను వేయగానే వీళ్లంతా ఒకేసారి మీదపడితే అది మూలిగేది. ఇంజను పోయింది గానీ అలవాటు పోలేదమ్మా. పొద్దు వాలాక అందరూ నీ బ్యాటరీ నెత్తినెక్కుతున్నారు."

ఇంజనీరమ్మ లేచి నిలబడింది. "మరి పగలే వాడుకోమని వాళ్లకి చెప్పేదెవరు?"

"అది నాకొదిలెయ్."

ఐసు అక్క ఓ పట్టాన ఒప్పుకోలేదు. "మధ్యలో కరెంటు పోతే సగం గట్టిపడిన ఐసు నేనేం చేసుకోను? నువ్వు పూచీ ఉంటావా?"

"ఉంటాను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. ఇప్పుడు మన దీపం అదిగో, నడినెత్తిన ఉంది."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమె మిషను వేసింది. బాబాయి పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. మూడున్నరకి మూత తీస్తే ఐసు రాయిలా బిగిసి ఉంది. ఆమె గోటితో కొట్టి చూసి, "నా సాయంత్రాలన్నీ ఈ మిషనే మింగేసిందన్నమాట," అంది.

ఆ తర్వాత ఊరంతా తిరిగి చెప్పింది ఆమే. మోటారు పగటికి మారింది, వెల్డింగూ మారింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. బాబాయి రచ్చ గెలిచి వచ్చేసరికి ఇంట్లో ఐదింటికి ఇస్త్రీపెట్టె కాలుతోంది.

"ఊరందరికీ చెప్పారు. నాకు చెప్పారా?" అంది భార్య. నిజమే, చెప్పలేదు.

మూడో వారానికల్లా దీపాలు తెల్లవార్లూ వెలిగాయి. పక్క దీవిలోనూ ఇదే గోల, వచ్చి చూడమని ఇంజనీరమ్మ అడిగింది. భార్య చెల్లెలు ఉండేది అక్కడే. జనరేటర్ని వదల్లేక ఆమె పెళ్లికి కూడా బాబాయి పొద్దున వెళ్లి మధ్యాహ్నం పడవకి తిరిగొచ్చేశాడు. ఇప్పుడు పలకలు తుడవడానికి వెల్డింగతను ఒప్పుకున్నాడు.

భార్య సంచి నిండా బట్టలు సర్దుతోంది.

"రెండ్రోజుల పనికి ఇన్నెందుకే?"

"వారానికి సర్దాను. రెండ్రోజులు మీ పని చూసుకోండి. మిగతా ఐదూ నావి."