లయ తగ్గించిన డ్రమ్మర్

నాగభూషణం డ్రమ్స్ చేతకాక పాటకు దిగాడని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చాలామంది అనేవారు. గాయకుడు రత్నం చేతిలోని మైకును నలుగురి ముందూ లాక్కున్నాడనీ, అది తమ కళ్లతో చూశామనీ మరికొందరు సాక్ష్యం పలికేవారు. హుషారైన ఆర్కెస్ట్రాను పెళ్లి విడిదిలో వినిపించే మెత్తటి మేళంగా దించేశాడని, తొంభైల్లో హిజ్లీ ఐఐటీ హాస్టళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే తెలుగు విద్యార్థులు వెక్కిరించేవారు. మెచ్చుకున్నవారు సైతం సరిగ్గా మెచ్చుకోలేదు. వాళ్లకు తెలిసింది అతని పాట ఒక్కటే.

వీటిలో మొదటి మాటను పుట్టించినవాడు గణపతిరావు. రైల్వే వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో హెడ్ క్లర్కు, ఆర్కెస్ట్రా స్థాపకుడు, హార్మోనిస్టు, బెంగాలీ అలవాటున అందరికీ 'దాదా'. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. లెక్క చూసుకునే ఆ మాట అన్నాడు. అందువల్లే ఊరు నమ్మింది.

వేలమంది కార్మికులు ఏ నిమిషానికి గేటు దాటారో చూడటం ఆయన ఉద్యోగం. పాటనూ ఆయన అలాగే చూసేవాడు. రిహార్సల్లో చేతిగడియారం తీసి హార్మోనియం మీద పెట్టి, పావు నిమిషానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టేవాడు. 1982లో, ఇసుక అచ్చుల్లో ఇనుము పోతపోసే ఫౌండ్రీ నుంచి నాగభూషణం వచ్చి డ్రమ్స్ ముందు కూర్చున్న మొదటి సాయంత్రం, పావు నిమిషానికి ముప్పై దెబ్బలు లెక్కతప్పకుండా పడ్డాయి. గణపతిరావు గడియారం జేబులో వేసుకున్నాడు. అది ఆయన ఇచ్చే మెప్పు.

రెండేళ్లు గడిచాక లెక్క తప్పసాగింది. 1984 వినాయక చవితి పందిట్లో ముప్పై పడవలసిన చోట ఇరవై ఎనిమిది పడ్డాయి. దసరాకూ అంతే. దీపావళి నాటి కాళీపూజకు ఇరవై ఏడు.

"ఏటి నాగభూషణం, చెయ్యి బరువెక్కిందా?" అని గణపతిరావు రిహార్సల్లో అందరి ముందూ అడిగాడు.

"నేదు దాదా. నానే తగ్గించినాను."

"ఎందుకు?"

నాగభూషణం ఒక్కసారి గాయకుడు రత్నం వైపు చూసి తల దించుకున్నాడు. రత్నమూ ఫౌండ్రీ మనిషే. ఇద్దరూ ఒకే కొలిమి దగ్గర పని చేసేవారు.

"ఇంకమీద తగ్గదు దాదా" అన్నాడు చివరికి.

మళ్లీ తగ్గింది. ఆ చూపును, ఆ మౌనాన్ని గణపతిరావు తప్పు చేసినవాడి సిగ్గుగా అర్థం చేసుకున్నాడు. 1985 వేసవి తర్వాత తాల్‌బగీచా పేట నుంచి ఒక బెంగాలీ డ్రమ్మర్‌ను తెచ్చి, నాగభూషణం చేతికి తాళానికి ఆడించే గిలక్కాయలు ఇచ్చి పక్కన నిలబెట్టాడు. అతను గిలక్కాయలు పుచ్చుకుని ఆడించాడు.

ఆ ఏటి చవితి పందిట్లో కొత్త డ్రమ్మర్ పావు నిమిషానికి ముప్పై దెబ్బలు కొట్టాడు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. రెండో చరణం మధ్యలో రత్నం గొంతు ఆగిపోయింది. దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. నాగభూషణం గిలక్కాయలు కింద పడేసి, రెండంగల్లో అతన్ని చేరి, మైకు అందుకుని మిగిలిన చరణం పాడేశాడు. చప్పట్లు మోగాయి. రత్నం వేదిక దిగి వెళ్లిపోయాడు. మరి ఎన్నడూ పాడలేదు.

ఆ తర్వాత పదేళ్లు నాగభూషణమే పాడాడు. చిన్న గొంతు, కానీ శ్రుతి తప్పదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఇళ్లలో అతని పాట లేనిదే ఏ వేడుకా జరిగేది కాదు. డ్రమ్స్ మాత్రం మళ్లీ ముట్టలేదు.

1995లో ఆర్కెస్ట్రా పాతికేళ్ల పండుగ వచ్చింది. సన్మానం నాగభూషణానికి. అప్పటికి రిటైరైన గణపతిరావు పరిచయ వాక్యాలు రాయాలి. ఆధారం లేకుండా రాసే అలవాటు ఆయనకు లేదు కాబట్టి పాత కచేరీల క్యాసెట్లు తీసి మొదటినుంచి విన్నాడు. 1984 కాళీపూజ క్యాసెట్ దగ్గర గడియారం పక్కన పెట్టుకున్నాడు. పల్లవిలో ముప్పై. చరణం చివర ఇరవై ఐదు. పల్లవికి తిరిగి వచ్చేసరికి మళ్లీ ముప్పై.

ఇంకో పాట విన్నాడు. ఇంకోటి. చేతకానివాడి తప్పు ఎక్కడపడితే అక్కడ పడుతుంది. ఇది ప్రతిసారీ ఒకే చోట పడుతోంది, రత్నం ఊపిరి తీసుకునే చోట. అప్పట్లో ఆయన పావు నిమిషాలు లెక్కపెట్టాడే గాని, దెబ్బలు ఎక్కడ తగ్గాయో చూడలేదు.

మర్నాడు ఉదయం సైకిలు మీద నాగభూషణం క్వార్టరుకు వెళ్లాడు. అతని భార్య కోటేశ్వరి కుర్చీ వేసింది.

"రత్నానికి ఊపిరి అందేది కాదు, అవునా?" అన్నాడు గణపతిరావు, కూర్చోకుండానే.

నాగభూషణం గడప మీద కూర్చున్నాడు. రత్నం పోయి అప్పటికి మూడేళ్లు.

"ఇసక దుమ్ము దాదా. గుండెల్లో కూకుండిపోయినాది. మెడికల్‌కి ఎల్తే పని కేటగిరీ తగ్గించేసి, ఫౌండ్రీలోంచి తీసి గేటుకాడ కూసోబెడతారని బయం ఆడికి. నా సేత ఒట్టేయించుకున్నాడు."

"నాతో చెప్పవలసింది."

"దాదాతోనా?" కోటేశ్వరి అందుకుంది. "దాదా టైమాఫీసు. సెవిలో ఏస్తే సాయంత్రానికి కాయితమైపోద్ది."

"నువ్వూరుకోయే."

"నాను అబద్ధమాడినానేటి? దాదానే సెప్పమను."

గణపతిరావు తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆనాడు తెలిసి ఉంటే పై అధికారులకు రాసేవాడా? రాసేవాడు. అది నిబంధన. రాసి ఉంటే రత్నం ఆ దుమ్ములోంచి ముందే బయటపడి, మరికొన్నేళ్లు బతికేవాడేమో కూడా. ఆ మాట పైకి అనలేదు. నాగభూషణం ముఖం చూస్తే, అతనికి అది చెప్పనక్కరలేదనిపించింది.

"పండుగకు ఒక్క పాటకైనా డ్రమ్స్ వాయించు. జనం వినాలి."

"పదేళ్లయినాది దాదా. సేతులు మర్సిపోనాయి." అతను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "పాటదేవుంది, ఎవడైనా పాడతాడు. నాకు తెలిసిందల్లా అదే పని. అది తీసేసినారు."

నిందించే గొంతు కాదది. గణపతిరావు అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"పోనీ, జరిగింది వేదిక మీద చెబుతాను."

"వద్దు. రత్నం పెళ్లాం చిలకమ్మ ముందు వరసలో కూకుంటాది. ఆడు జబ్బు దాసుకున్నాడని మైకులో ఇనాలా ఆవిడ?"

పండుగనాడు గణపతిరావు రాసుకున్న కాగితం మడిచి మాట్లాడాడు. "నాగభూషణాన్ని డ్రమ్స్ నుంచి తీసింది నేను. అతని లయలో దోషం లేదు. దోషం నా లెక్కలో ఉంది. కారణం చెప్పడానికి అనుమతి లేదు." సభలో నవ్వులు వినిపించాయి. పెద్దాయన మర్యాద కోసం అంటున్నాడనుకున్నారు. కారణం లేని వాంగ్మూలాన్ని ఎవరు నమ్ముతారు? వెనుక వరుసల నుంచి పాట పాడమని కేకలు వచ్చాయి. నాగభూషణం శాలువా సర్దుకుని పాడాడు. చేతకాక పాటకు దిగాడన్న మాట ఆ తర్వాత కూడా ఊళ్లో అలాగే మిగిలింది.

విచారించి చూస్తే తేలేది ఇంతే. గాయకుడిగా నాగభూషణం సామాన్యుడు. ఊరు అతనికి ఇచ్చిన పేరు కాస్త ఎక్కువే. రోగాన్ని దాచడంలో అతనికీ పాలుంది, దాన్ని తుడిచేయలేము. డ్రమ్మర్‌గా అతనికి దక్కవలసింది దక్కలేదు. మూడేళ్లు వాయించాడు. అందులో ఒక ఏడాదిపాటు, పక్కనున్నవాడికి ఊపిరి ఎక్కడ చాలదో ముందే పసిగట్టి, వినేవాళ్లకు తెలియకుండా అక్కడ లయ తగ్గించి, మళ్లీ యథాస్థానానికి తెచ్చాడు. దానికి శిక్షపడితే భరించాడు.